విమలకుమారి అప్పీలు

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో కూతురు పర్సిస్ తల్లి గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ నింపుతుంటే విమలకుమారి పక్కనే కూర్చుంది. ఎప్పుడైనా శిక్ష పడిందా అన్న ప్రశ్నకి పర్సిస్ 'నో' కొట్టబోయింది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"పడిందమ్మా. అబద్ధం పెట్టకు."

మద్యనిషేధం రోజుల్లో, కోనసీమలో ఆమె కుట్టుమిషను కింద ఎక్సైజు వాళ్ళకి బ్రాందీ సీసాలు దొరికాయి. తనవి కావన్నా వినలేదు. జైల్లో పెట్టారు. అమ్మ రాజమండ్రిలో కుట్టు ట్రైనింగుకి వెళ్ళిందని అమ్మమ్మ చెప్పిన మాటే పర్సిస్ ఇన్నేళ్ళూ నమ్మింది.

అప్పట్లో అప్పీలు చేసే స్తోమత లేదు, ఇప్పుడు చేస్తానంది విమలకుమారి. ఇంత ఆలస్యంగా కోర్టు వినాలంటే కొత్త సాక్ష్యం కావాలన్నాడు కాకినాడ లాయరు.

ఆ సాక్ష్యం ఇక్కడే, లైబ్రరీలో ఎదురైంది. తన కూతురిని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన చాలాసేపు ఆమెనే చూసి, దగ్గరికొచ్చాడు.

"మీరు టైలర్ విమలమ్మగారు కదండీ?"

ఆయన వీరభద్రం, ఆనాడు సోదాకి వచ్చిన కానిస్టేబులు. సీసాలు పక్క కొట్టువాడివని, వాణ్ణి తప్పించడానికి పై అధికారి వాటిని మిషను కింద పెట్టించాడని, కోర్టులో తనూ అబద్ధమే చెప్పానని నిలబడే చెప్పాడు. పక్కనే ఉన్న పర్సిస్ కోపంతో లేచి నిలబడింది. విమలకుమారి కుర్చీ లాగి ఆయన్ని కూర్చోమంది.

"ఈ మాట కోర్టులో చెప్తారాండీ?"

"చెప్తానమ్మా. పెన్షన్ పోతే పోనివ్వండి."

వీరభద్రం తన కూతురు వద్దని ఏడ్చినా ఆగకుండా తిరుగు టికెట్ ముందుకి మార్పించుకుని ఇండియా వెళ్ళాడు. బోనులో నిలబడి, తన మీద కేసు పెట్టినా సరేనన్నాడట.

శిక్ష కొట్టేశారని లాయర్ ఫోన్ చేసినప్పుడు పర్సిస్ ఆఫీస్‌లో ఉంది. మీటింగ్ వదిలేసి ఇంటికి డ్రైవ్ చేసింది. వార్త విని విమలకుమారి కొంగుతో మొహం కప్పుకుంది. తర్వాత వీరభద్రానికి ఫోన్ కలపమంది.

"అన్నయ్యగారూ, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు కదా?"

ఆయన ఆరోగ్యం ఎలా ఉందో అడిగింది, చలికాలం వెళ్ళాక మళ్ళీ ఇటు రమ్మంది. పర్సిస్ ఇంకా కోటు విప్పలేదు. తనని కన్న ఈ మనిషి ఎంతటిదో ఇప్పుడే చూస్తున్నట్టు గుమ్మంలో నిలబడిపోయింది.