నోవహు ఓడ, రేడియో మామ్మ

టీచర్ ట్రైనింగ్ పూర్తయి, ఉద్యోగం ఊసు లేక, గుడివాడలో మా ఇంటి అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చున్న ఆ రోజుల్లో నాకు దేని మీదా ఆశ మిగల్లేదు గానీ, బొమ్మల మీద మాత్రం పిచ్చి నమ్మకం ఉండేది. పిల్లల ముందు మంచి రంగుల బొమ్మ పెడితే చాలు, మిగతాదంతా దానంతటదే బుర్రకెక్కుతుందని అనుకునేదాన్ని. ఎక్కుతుంది, నిజమే. ఎక్కింది ఇంటికెళ్ళాక ఏమవుతుందో ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

మా మేనత్త (నా ఉద్యోగం గురించి నాకంటే ఎక్కువ బెంగ పెట్టుకున్న మనిషి) ఒక వేసవిలో బందరు నుంచి ఫోన్ చేసింది. వాళ్ళ చర్చి అయ్యగారి మాట అక్కడొక స్కూల్లో చెల్లుతుందట. చిన్న క్లాసులకి టీచరు కావాలట. "ఊరికే ఇస్తారేంటే? దివిసీమలో సెలవుల బైబిలు బడి పెడుతున్నారు. నువ్వెళ్ళి నడుపు. ఆఖరి రోజు అయ్యగారే వచ్చి చూస్తారు. పిల్లలు గడగడా చెప్పారా, ఉద్యోగం నీదే. నోళ్ళు వెళ్ళబెట్టారా, ఇక నీ ఖర్మ" అంది. నా ఖర్మ సంగతి నాకు తెలుసు కాబట్టి, ఆ రాత్రే బట్టలు సర్దుకున్నాను.

నాగాయలంక దాటాక, సముద్రం వాసన తగిలే చోట, వేట మీద బతికే ఊరు. చర్చి అంటే తాటాకు పాక. మన విశ్వాసులవి నాలుగిళ్ళే, వచ్చే పిల్లల్లో ఎక్కువమంది హిందువుల పిల్లలే. బిస్కట్ల కోసం సగం, నా బొమ్మల బైబిలు కోసం సగం వచ్చేవాళ్ళు. వాళ్ళమ్మలు అడ్డు చెప్పలేదు. "ఎండన పడి తిరక్కుండా ఒక సోట కూకోబెట్టు తల్లీ, నీకు పుణ్యముంటది" అనేవాళ్ళు. పెద్ద అట్టల పుస్తకం అది. పేజీకొక బొమ్మ, కింద రెండే రెండు లైన్లు. నేను పేజీ తిప్పితే పాకంతా ఊపిరి బిగబట్టేది. నా జీవితంలో నన్నంత శ్రద్ధగా విన్నవాళ్ళు ముందూ లేరు, తర్వాతా లేరు.

గుమ్మం దగ్గర రోజూ ఒక ముసలావిడ కూర్చునేది. అందరూ రేడియో మామ్మ అనేవాళ్ళు. ఎప్పుడో ఉప్పెనలో ఇద్దరు బిడ్డలు చెయ్యి జారిపోయారట. అప్పట్నుంచి వాతావరణం వార్తలు వినందే ముద్ద మింగదట. బడికి వచ్చేది మాత్రం మనవరాలికి కాపలా అని చెప్పి. కథలు తను వినడం లేదని అందరికీ తెలిసేలా, మొహం అటు తిప్పుకుని మరీ వినేది.

అన్ని కథల్లోకీ పిల్లలకి నచ్చింది నోవహు ఓడ, దేవుడు లోకాన్ని నీళ్ళతో ముంచినప్పుడు జీవాల్ని జతలుగా ఎక్కించుకుని తేలిన ఓడ. పడవల మధ్య పుట్టిన పిల్లలు కదా, నన్ను పీక్కుతిన్నారు. "టీచరుగారూ, ఇంజనేదండీ?" "అంత బోటుకి డీజిలు ఎవరు పోశారండీ?" "మరి సేపలెందుకు ఎక్కలేదండీ?" ఆ ఉత్సాహం చూసి నా నెత్తిన శని కూర్చుంది. ఆఖరి రోజు అయ్యగారి ముందు ఊరికే వల్లించడం ఏం బాగుంటుంది, కథంతా ఆడించి చూపిస్తే ఆయన అక్కడికక్కడే ఉద్యోగం చేతిలో పెట్టెయ్యరూ అనుకున్నాను. "మీ ఇళ్ళల్లో కోళ్ళో మేకలో ఏవుంటే అవి, జతలు జతలుగా పట్టుకు రండి. మనమే ఓడెక్కుదాం" అన్నాను. అప్పుడే ఎవరైనా నా నోరు నొక్కేసి ఉంటే ఎంత బాగుండేదో.

ఆఖరి రోజు తెల్లారేసరికి ఆకాశం నల్లగా ఉంది. బందరు రేవులో ఒకటో నంబరు తుఫాను హెచ్చరిక జెండా ఎగరేశారని రేడియో చెప్పిందట. అది మామూలు సంగతే, దానికెవరూ కదలరు. నేను పాకలో బెంచీలు తిరగేసి తాళ్ళతో ఓడ కడుతున్నాను. బయట ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. రెండు కోళ్ళని చంకలో ఇరికించుకుని బయల్దేరిన మనవరాల్ని మామ్మ ఆపింది.

"పొద్దున్నే కోళ్ళేసుకుని ఎక్కడికే?"

"ఓడెక్కడానికి మామ్మా. నీళ్ళొచ్చి అంతా మునిగిపోద్దిగా! టీచరుగారు జతలు తెమ్మన్నారు."

మామ్మ గుమ్మంలోకొచ్చింది. వీధిలోకి చూస్తే నిజంగానే ప్రతి ఇంట్లోంచీ పిల్లలు మేకల్ని లాక్కుంటూ, కోళ్ళని పట్టుకుని వస్తున్నారు. పైన మబ్బు. ఆ ఊళ్ళో జనం ఇంటి జీవాలతో సహా కదిలేది ఒక్కందుకే. మామ్మ రేషన్ కార్డు బొడ్లో దోపుకుని, మనవరాల్ని రెక్క పట్టుకుని, "వచ్చేత్తందిరో! లేవండ్రో!" అంటూ తుఫాను షెల్టరు వైపు పరుగు. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు వలలు వదిలేశారు. ఎవరో పంచాయతీ మైకు అందుకున్నారు. కాసేపట్లో ఊరు ఊరంతా షెల్టరు మేడ మీద ఉంది.

నేను మాత్రం పాకలో ఉన్నాను. మైకు గోల వినిపించింది గానీ, అయ్యగారికి స్వాగతం కాబోలు అనుకున్నాను (అవును, అంత తెలివి). ఎదురుచూస్తే రెండు బాతులు వచ్చాయి. ఎవరివో తెలీదు, వాటంతటవే వచ్చి ఓడెక్కి కూర్చున్నాయి. తర్వాత అయ్యగారి కారు వచ్చింది. అయ్యగారూ, అమ్మగారూ దిగారు. తిరగేసిన బెంచీలని చూశారు, బాతుల్ని చూశారు, నన్ను చూశారు.

"పిల్లలేరమ్మా?" అన్నారు అయ్యగారు.

భూమి నోరు తెరిస్తే అందులోకి దూకేద్దామనిపించింది.

వెతుక్కుంటూ షెల్టరుకి వెళ్తే మేడంతా మేకల అరుపులు, పసిపిల్లల ఏడుపులు. ఒకాయన ఫోనులో మండలాఫీసు వాళ్ళని కేకలేస్తున్నాడు. "మీకింకా తెలీదేంటండీ? మాకు పొద్దున్నే తెలిసిపోయింది!" నేను అసలు సంగతి చెప్పాను. తర్వాత మొదలైంది. "నీ నాటకం తగలెయ్యా! పొయ్యి మీద పులుసు పొయ్యి మీదే ఒగ్గేసొచ్చాను గదే!" అని ఒకావిడ నా మీదకొచ్చింది. అయ్యగారు మంచి మనిషి, అడ్డం పడ్డారు. "ఎలాగూ అందరూ ఇక్కడే ఉన్నారు కదమ్మా, ఆ కథేదో ఇక్కడే చెప్పించు" అన్నారు.

పుస్తకం తెరిచాను. నా బంగారు తండ్రులు ఒక్క ముక్క తప్పకుండా చెప్పారు. అయ్యగారు తలూపుతుంటే నా ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగం ఇంకా పోలేదు! ఆఖరి పేజీలో ఇంద్రధనుస్సు. మామ్మ మనవరాలే లేచి, "ఇంకెప్పుడూ నీళ్ళతో లోకాన్ని ముంచనని దేవుడు మాటిచ్చాడు" అని ముగించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మామ్మ కొట్టలేదు. "ఆ మాట ఎప్పుడిచ్చాడమ్మాయ్?" అని నన్ను అడిగింది.

"ఎన్నో వేల ఏళ్ళ కిందట మామ్మా."

"అంటే మా ఉప్పెనకి ముందేగా?"

"...ముందే."

"మరి మేం గుర్తుకు రాలేదా ఆయనకి?"

కోపంగా అడగలేదు. బస్సు వెళ్ళిపోయిందా అని అడిగినట్టు అడిగింది. నేను అయ్యగారి వైపు చూశాను. అయ్యగారు అమ్మగారి వైపు చూశారు. అమ్మగారు మేక వైపు చూశారు. అయ్యగారు "ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

కారెక్కేటప్పుడు "చూద్దాంలే అమ్మా" అన్నారు. మా వైపు ఆ మాటకి అర్థం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగం ఇంకెవరికో వచ్చింది. మబ్బు కూడా విడిపోయి, ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది. జనం తిట్టుకుంటూ దిగిపోతుంటే నేను షెల్టరు మెట్ల మీద కూలబడి, సిగ్గు విడిచి బావురుమన్నాను. మామ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏడవమాక. నువ్వేం జేత్తావు. నీళ్ళు లేని కథేదన్నా ఉంటే సెప్పు, ఇంటాను."

ముక్కు చీదుకుని పేజీలు తిప్పాను. మోషే బుట్టలో ఉన్నాడు, బుట్ట ఏట్లో ఉంది. ఎర్ర సముద్రం, చెప్పనే అక్కర్లేదు. యోనా చేప కడుపులో. దావీదు రాళ్ళేరుకునేది వాగులో. శిష్యుల పడవ తుఫానులో. సింహాల గుహ దగ్గర కూడా ఆ బొమ్మలేసిన మహానుభావుడు మూలగా ఒక మడుగు గీశాడు, వాటికి దాహమవుతుందనుకున్నాడేమో! చివరికి పొడిగా ఒక్క పశువుల పాక దొరికింది. నడి వేసవిలో, చెమటలు కక్కుతూ, క్రిస్మస్ కథ చెప్పాను. మామ్మ ఈసారి మొహం తిప్పుకోలేదు. గడ్డిలో పడుకున్న బిడ్డ మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"ఈ పిల్లోడు బతికాడా?"

తర్వాత జరిగిందంతా నాకు కంఠతా వచ్చు. సిలువ, సమాధి, మూడో రోజు, అన్నీ. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?

"బతికాడు మామ్మా" అన్నాను.

"అమ్మయ్య" అంది. మోకాళ్ళ మీద చేతులానించి లేచి, మనవరాల్నీ కోళ్ళనీ తీసుకుని ఇంటికెళ్ళిపోయింది.

ఇప్పుడు గుడ్లవల్లేరులో ఒక ప్రైవేటు బళ్ళో చెప్తున్నాను. ఆదివారాలు మా చర్చి పిల్లలకి బొమ్మలు చూపిస్తాను. అప్పటికీ ఇప్పటికీ చదువు పెరిగింది, అనుమానాలు కూడా పెరిగాయి. మెట్ల మీద ముక్కు చీదుకుంటూ కూర్చున్న ఆ ఏడుపుగొట్టు పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఉద్యోగం పోయింది, పరువు పోయింది, అయినా ఆ బిడ్డ బతికాడని ఎంత ఖాయంగా చెప్పింది! అంత ఖాయంగా చెప్పడం ఇప్పుడు నాకు చేతకాదు.