గాజుల బావ, ట్యాక్సీ ఇంజిన్

మా బావ పోయాడు. లాడ్ బజార్‌లో తన గాజుల దుకాణంలోనే, ఎవరికో గాజులు తొడిగి, గోడకు ఆనుకుని కూర్చుని మంచినీళ్లు అడిగాడట. నీళ్లు తెచ్చేలోపే అయిపోయింది. గుండె అన్నారు డాక్టర్లు. ఆఫీసులో ఉన్న నాకు అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయిండే," అంది. తర్వాత ఏడుస్తూనే అడిగింది, "వాకిట్ల ఇంజన్ ఏలాడుతున్నది. ఈయన్ని యాడ పండవెట్టాలె?"

నిజం చెప్తున్నాను, ఆ మాటకు నాకు ఏడుపు కంటే ముందు ఒళ్లు మండింది. రేసు కారు ఇంజిన్ మళ్లీ బయటికి తీశాడన్న సంగతి నాకప్పుడే తెలిసింది. రేసు దగ్గర పడుతోంది, ఇక దాని జోలికి పోవద్దు బావా అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. తల ఊపాడు. ఊపి, నేనటు వెళ్లగానే తీశాడు. ఆయన సంగతి తెలిసినవాళ్లెవరికీ ఇందులో ఆశ్చర్యం ఉండదు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఆయన మా అక్క భర్త. పొద్దున్నుంచి రాత్రి దాకా గాజుల వ్యాపారం. వాళ్ల తాతల నాటి దుకాణం. ఇల్లు ఛత్రినాకలో. ఇంటి వాకిట్లో ఒక పాత చిన్న కారు. దాన్ని లోపలంతా ఖాళీ చేసి, ఇనుప గొట్టాల పంజరం వెల్డింగ్ చేయించి, రేసు కారు అని పేరు పెట్టుకున్నాడు. మీరనుకునే రేసు కాదది. మాలాంటి ఉద్యోగాలు, దుకాణాలు చేసుకునేవాళ్లు పాత బండ్లతో గంటల తరబడి తిరిగే పోటీ. డ్రైవర్లు వంతులు వేసుకోవాలి, బండి మాత్రం ఒకటే. గెలిచినవాడికి ఇచ్చే కప్పును మా అక్క అయితే స్టీలు సామాన్లలో కూడా కలపదు. అసలు గొప్ప గెలవడం కాదు. సమయం ముగిసేసరికి బండి తన ఇంజిన్‌తో తాను గీత దాటితే పూర్తిచేసినట్టు లెక్క. ఎన్నో రేసులకు వెళ్లాం. మాది ఒక్కసారి కూడా పూర్తిచేయలేదు. బావకు జీవితంలో ఇంకేమీ అక్కర్లేదు, ఆ గీత ఒక్కసారి దాటితే చాలు.

పాత పెట్రోలు ఇంజిన్ ఆఖరిసారి ట్రాక్ మధ్యలో పొగలు కక్కి చచ్చాక, దాన్నే బాగు చేయిద్దామని నేనన్నాను. దబీర్‌పురాలో మా బండి చూసే మెకానిక్ భాయ్ కూడా అదే అన్నాడు. బావ మా ఇద్దరి మాటా శ్రద్ధగా విని, మర్నాడు తుక్కు కొట్టు నుంచి ఒక డీజిల్ ఇంజిన్ ఆటోట్రాలీలో వేసుకొచ్చాడు. ఏదో ట్యాక్సీది. గేర్‌బాక్సుతో సహా. భాయ్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "నక్కో సేట్, ఇది బహుత్ పెద్దగుంది, అందుల పట్టది," అన్నాడు. బావ బానెట్ ఎత్తి, లోపలికి చూసి, తల పక్కకు వంచి, "కూసుంటది తియ్," అన్నాడు.

ఈ మాట గురించి చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టే కాదు. దుకాణంలో ఆయన ఏనాడూ సైజు అడగలేదు. వచ్చిన ఆడమనిషి చెయ్యి చూసేవాడు, వెనక్కి తిరక్కుండానే అరలోంచి గాజులు తీసేవాడు. అవి చూసి ఆమె, పట్టవేమో అనేది. "కూసుంటది తియ్ అమ్మా," అని సబ్బు నురగ రాసి, బొటనవేలి కింద ఎముకను మెత్తగా లోపలికి నొక్కి, కబుర్లు చెప్తూ చెప్తూ ఎక్కించేసేవాడు. గాజు చిట్లేది కాదు, చెయ్యి నొచ్చేది కాదు. దాంతో లోకంలో ఏదైనా అట్లాగే కూర్చుంటుందని ఆయనకొక నమ్మకం ఏర్పడింది. టేపు పెట్టి కొలవమంటే అవమానంగా చూసేవాడు. కారు ముందుభాగానికి బొటనవేలి కింద ఎముక ఉండదని ఆయనకెవరు చెప్పాలి? నేను చెప్పాను. భాయ్ చెప్పాడు. మా అక్కయితే వంటింట్లోంచే చెప్పింది.

ఇంజిన్ దిగలేదు. దిగితే రేడియేటర్‌కు చోటు లేదు. రేడియేటర్‌ను ముందుకు జరిపితే ఇంజిన్ తల పైకి పొడుచుకొచ్చి బానెట్ మూతపడలేదు. బానెట్‌కు బొక్క కోశాం. కోసిన బొక్క ఒక జానెడు పక్కకు పోయింది, ఎందుకంటే దాన్ని కూడా కళ్లతోనే కొలిచాడు. ఇంకో బొక్క కోశాం. నా ఆదివారాలన్నీ ఆ వాకిట్లోనే పోయాయి. గొలుసు పుల్లీ లాగడం, దించడం, మళ్లీ లాగడం. ఒకసారి ఇంజిన్ సగం దిగి ఎటూ కాకుండా ఇరుక్కుంటే, లోపలికెళ్లి సబ్బు తెచ్చాడు. ఒట్టు. బట్టల సబ్బు. భాయ్ అక్కడే నేల మీద కూలబడి నెత్తి పట్టుకున్నాడు.

డీజిల్ ఎందుకు బావా అని అడిగితే మాత్రం చక్కటి లెక్క చెప్పేవాడు. అందరూ వేగంగా పోయి మాటిమాటికీ పెట్రోలు కోసం ఆగుతారు, మనం మెల్లగా పోతాం కానీ ఆగం. "తొందరెందుకే, రేసే గద," అనేవాడు. ఆ మాట విన్న రేసు మనిషెవడైనా ఉంటే నాకు చూపించండి.

మొత్తానికి ఎక్కింది. అయితే పాత ఇంజిన్ వైర్లు పోయే బొక్కలు, ఇంజిన్‌కీ డ్రైవర్ కాళ్లకీ మధ్య ఉండే ఇనుప అడ్డుగోడలో అట్లాగే మిగిలాయి. వాటిని రేకుతో మూయాలి, పొగా మంటా లోపలికి రాకుండా. రేసు నిబంధన. మూశానన్నాడు. పైన నల్లరంగు కూడా వేశాడు. తనిఖీ చేసే అధికారి టార్చి కొట్టి చూసి సరే అన్నాడు.

ఆ రేసులో రెండో వంతు నాది. కాసేపటికి కుడి పాదం మీద ఏదో వెచ్చగా జారింది. ఆయిలనుకున్నాను. తర్వాత వాసన వచ్చింది. నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన వాసన. గాజులు చేసేవాళ్లు బొగ్గుల మీద లక్కను కాచేటప్పుడు వచ్చే వాసన. అంత వేగంలో, హెల్మెట్ లోపల, నేను లాడ్ బజార్ వాసన పీల్చాను. మా బావ ఆ బొక్కలన్నిటినీ లక్కతో పూడ్చాడు.

బండి పక్కకు తీయించారు. ఇంకేముంది, మళ్లీ పూర్తిచేయలేదు. నా బూటు యాక్సిలరేటర్‌కు అంటుకుపోతే భాయ్ వచ్చి పీకాడు. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. బావ అన్నీ విని, "లక్క వందేండ్లు గాజుల రాళ్లను పట్టుకుంటదే," అన్నాడు. "గాజులు ఎవరన్నా పొయ్యి మీద పెట్టుకుంటరా బావా?" అన్నాను. ఆలోచించాడు. పాపం, నిజంగానే ఆలోచించాడు. "మంట జర ఎక్కువైంది," అన్నాడు చివరికి, లక్క తప్పేమీ లేనట్టు.

ఇంతగా విసిగించిన మనిషి నాకెందుకంత కావలసినవాడయ్యాడో కూడా చెప్పాలి. నా చేతికి స్టీరింగ్ ఇచ్చింది ఆయనే. ఆడపిల్లకు డ్రైవింగ్ ఎందుకని మా నాన్న కొట్టిపారేస్తే, బావ దుకాణం తెరవడానికి ముందు, షట్టర్లన్నీ మూసి ఉండే తెల్లవారుజామున నన్ను లాడ్ బజార్‌కు తీసుకెళ్లి ఆ ఇరుకు సందులో కారు నడపమన్నాడు. పాల వ్యాన్లు, ఊడ్చేవాళ్లు, బండ్ల మీద పడుకున్నవాళ్లు. నేను ఒక బండిని గీరితే దాని యజమానితో ఆయనే మాటలు పడ్డాడు, నన్ను మాత్రం దిగనివ్వలేదు. "ఈడ నడిపితే యాడన్న నడుపుతవ్, ఫికర్ చెయ్యకు," అన్నాడు. ఆయన చెప్పినవాటిలో నిజమైన మాట అదొక్కటే అని ఏడిపించేదాన్ని. నాకు ఆయనంటే ప్రాణం. బతికుండగా ఈ మాట అంటే, అయితే రేపొచ్చి పుల్లీ లాగు అనేవాడు.

ఆ రోజు నేను వెళ్లేసరికి వాకిలి నిండా జనం. మధ్యలో మూడుకాళ్ల స్టాండు, దానికి గొలుసుతో ఇంజిన్, కింద ముందుభాగం ఖాళీగా కారు. శవాన్ని పడుకోబెట్టాల్సింది సరిగ్గా ఆ చోటే. పురోహితుడు నేల మీది నల్లటి ఆయిల్ చూసి ముఖం చిట్లించాడు. దుకాణాల వాళ్లు, బస్తీ వాళ్లు కలిసి కారును గోడవారకు నెట్టారు. భాయ్ వచ్చి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, ఏడుస్తూనే గొలుసు వదులుతూ ఇంజిన్‌ను పాత టైరు మీదికి దించాడు. దాని పక్కనే బావను పడుకోబెట్టాం. చూడవచ్చిన పెద్దవాళ్లు కొందరు చోటు లేక టైర్ల మీద కూర్చున్నారు. ఆయనకైతే ఆ ఏర్పాటు బాగా నచ్చి ఉండేది. నాకు నచ్చలేదు. ఆయన లేచి, తన సామాను తాను సర్దుకుంటే బాగుండనిపించింది.

దినాలయ్యాక బంధువులు బండిని కబాడీకి తుక్కు కింద ఇచ్చేయమన్నారు. నేనూ సరే అన్నాను. అక్క ఒప్పుకోలేదు. ఆ కారును ఇన్నేళ్లు సవతిలా చూసిన మనిషి, "అమ్ముదాం తియ్. ముందు ఆ ఇంజన్ ఎక్కియ్యి. ఒక్కసారి ఆ గీత దాటనియ్యి. సగం పనిల ఇస్తే ఆయన్ని చూసి నవ్వుతరు," అంది.

అట్లా నా ఆదివారాలు మళ్లీ పోయాయి. ఆయనెందుకు ఇంజిన్ తీశాడో లోపల చూస్తే అర్థమైంది. ఎప్పుడో వేశానని నాతో చెప్పిన రేకులను అడ్డుగోడ బొక్కలకు ఇప్పుడు వేసి వెల్డింగ్ చేయించాడు. బుద్ధొచ్చింది అనుకున్నాను. మూలకు వంగి చూస్తే, చేయి దూరని చోట ఒక బొక్క మాత్రం ఇంకా లక్కతోనే ఉంది. తాజా లక్క. మెరుస్తోంది. నేను స్క్రూడ్రైవర్‌తో దాన్ని గీకుతూ, పోయిన మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. గీకుతూ గీకుతూ ఏడ్చాను. భాయ్ రేకు ముక్క కత్తిరించడానికి కూర్చున్నాడు. నేను టేపు పెట్టి కొలిచి ఇచ్చాను.

రేసుకు అక్క కూడా వచ్చింది, మొదటిసారి. బావ వంతు భాయ్ నడిపాడు, ఆఖరి వంతు నాకిచ్చాడు. ఏం చెప్పను ఆ బండి గురించి. ముక్కు బరువెక్కి మలుపు తిరగనంటుంది. వెనక నల్లటి పొగ. ప్రతి ఒక్కడూ మమ్మల్ని దాటి పోయాడు, కొందరైతే ఎన్నోసార్లు. వేడి చూపించే ముల్లు పైకి పాకుతుంటే, నేను కాలు కాస్త ఎత్తి, అది దిగితే మళ్లీ నొక్కి, తొందరెందుకే అనుకుంటూ పళ్లు కొరుకుతూ తిప్పాను. డీజిల్ కోసం మాత్రం ఆగలేదు. ఆ ఒక్క లెక్క ఆయన సరిగ్గానే వేశాడు. ఆఖరి చుట్టులో నా చేతులు చెమటతో జారుతున్నాయి. గళ్ల జెండా ఊపారు. గీత దాటాం. మా వెనక ఇంకెవరూ లేరు.

ట్రాక్ పక్కకు తెచ్చి బండి నిలిపి, ఇంజిన్ ఆపడానికి తాళం మీద చెయ్యి వేశాను. అక్క పరిగెత్తుకొచ్చి బండికి అడ్డంగా నిలబడింది.

"ఆపకే," అంది.

ఇక్కడ ఇంజిన్ ఆపాలి, ట్రాక్ వాళ్లు కోప్పడతారు అన్నాను.

"కోప్పడనీ. ఆయన ఉన్నన్ని దినాలు ఇది నేను ఆపుమంటే ఎన్నడు ఆగలే. ఇయ్యాల నేనే వద్దంటున్న."

ట్రాక్ మనిషొకడు ఈల ఊదుతూ వచ్చాడు. భాయ్ ఎదురెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. నేను తాళం పట్టుకుని, తిప్పకుండా కూర్చున్నాను. అద్దంలోంచి అక్క కనిపిస్తోంది. రెండు అరచేతులూ బానెట్ మీద ఆనించింది. డీజిల్ ఇంజిన్ కదా, బండి మొత్తం దడదడలాడుతోంది, ఆ అదురుకు ఆమె మోచేతులు, భుజాలు, చెంపలు కూడా అదురుతున్నాయి. వేడికి చేతులు కాలుతుండాలి. తీయలేదు.