మా అత్త చెప్పిన సాక్ష్యం

నాకు జబ్బు పూర్తిగా నయమైపోయిందని చర్చిలో సాక్ష్యం చెప్పింది మా అత్త. నన్ను ఒక్క మాట అడగలేదు.

అనకాపల్లిలో మా చర్చిలో ఆడవాళ్లు కింద చాపల మీద కూర్చుంటారు. ఆ ఆదివారం నేను ఆవిడ పక్కనే ఉన్నాను. మనోవ్యాధితో మంచం పట్టిన కోడలు ప్రార్థనతో లేచిందని, మాత్రలు కూడా మానేసిందని మైకులో చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. నేను మాత్రలు మానలేదు. ముందురోజు కూడా వేసుకున్నాను.

లేచిన మాట నిజమే. వండుతున్నాను, పిల్లని బడికి పంపుతున్నాను. కానీ కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు. తెల్లారకముందే మెలకువ వచ్చి గుండె దడదడలాడేది. అన్నిటికన్నా పాడు సంగతి, దేనికీ సంతోషం కలిగేది కాదు. పిల్ల క్లాసులో ఫస్టు వచ్చానని ఎగురుకుంటూ వస్తే, ఇప్పుడు నవ్వాలి కదా అనుకుని నవ్వేదాన్ని. ఇవన్నీ మెల్లిగా పోతాయని, తను చెప్పకుండా మాత్రలు మానితే జబ్బు తిరగబెడుతుందని విశాఖలో డాక్టరు గట్టిగా చెప్పారు. అప్పుడు అత్త పక్కనే ఉంది.

చర్చి నుంచి ఇంటికి రాగానే ఆవిడ బీరువా తీసి, నా మాత్రలన్నీ పట్టుకెళ్లి వీధి కాలవలో పడేసింది. చెప్పిన సాక్ష్యం అబద్ధం కాకూడదట!

"దేవుడు బాగు సేసేక ఇంకా మాత్రలేటే? నలుగురూ ఏటనుకుంటారు?" అంది.

మా ఆయన కొత్త సెల్‌ఫోను నొక్కుకుంటూ ఉండిపోయాడు. పోట్లాడే ఓపిక గానీ, మళ్లీ మాత్రలు తెచ్చుకునే ఓపిక గానీ నాకు లేదు.

బెల్లం సీజను వచ్చేసరికి మళ్లీ పడిపోయాను. స్నానం చేయాలంటే ఏడుపొచ్చేది. పిల్లకి పక్కింటావిడ జడ వేసేది. బతకాలని లేదని ఒకరోజు మా ఆయనతో అనేశాను. అప్పుడు భయపడి విశాఖ తీసుకెళ్లాడు. డాక్టరు ఆయన్ని చెడామడా తిట్టి, మాత్రలు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

ఈసారి అన్నిటికన్నా ముందు కోపం తిరిగొచ్చింది. అబ్బ, ఎంత కోపమో! అత్త గొంతు వింటేనే ఒళ్లు మండేది. ఆ మంటతోనే లేచి తిరిగాను.

చర్చిలో కృతజ్ఞత కూటం నాడు నేనే మైకు అడిగాను.

"మా అత్త సాక్ష్యం సెప్పిన్నాటికి నేను మాత్రలు మానలేదు. ఇంటికొచ్చేక ఆవిడే కాలవలో పడేసింది. మళ్లీ సావుదాకా వెళ్లేను. ఇప్పుడు రోజూ ఏసుకుంటన్నాను. నన్ను మళ్లీ డాక్టరు దగ్గిరికి నడిపించిన దేవుడికి స్తోత్రం" అన్నాను.

అలవాటు కొద్దీ అందరూ స్తోత్రం అన్నారు. అత్త కూడా అనేసింది. అన్నాక ముఖం మాడిపోయింది.

ఇకమీదట కోడలికి మీ చేత్తోనే మాత్ర ఇవ్వాలని పాస్టరమ్మ గారు అందరి ముందూ ఆవిడకి చెప్పారు. ఆ తరవాత ప్రతి ఆదివారం ఎవరో ఒకరు, కోడలికి మాత్ర ఇస్తున్నావా అని అత్తని అడిగేవారు. క్షమించమని పాస్టరు గారు నాకు చెప్పి చూశారు. నేను క్షమించలేదు.

మాత్ర నేనే వేసుకోగలను. అయినా అన్నాలయ్యాక కుర్చీలో కూర్చుని చెయ్యి చాపేదాన్ని.

"ఇంకా ఎన్నాళ్లే?" అంది ఒకరోజు, మాత్ర నా చేతిలో పెడుతూ.

"తెలీదత్తా. నీళ్లేవీ?" అన్నాను.

ఆవిడ మళ్లీ వంటింట్లోకి వెళ్లింది.