ప్రతి కాగితం మీదా ఇరవై ఏడు డిగ్రీలు

ఎనభైల చివర్లో, ఒక ఏప్రిల్ నెలలో, మా ఎలక్ట్రానిక్స్ సంస్థ కర్నూలు శాఖలో డిజైన్ విభాగం అసిస్టెంట్ ఇంజనీరుగా చేరాను. మొదటి పని బేతంచెర్లలో. అక్కడ నాపరాళ్లు కోసే మిషన్ల దగ్గర పనివాళ్ల చేతులు తెగుతున్నాయి. రంపపు చక్రం ముందు కాంతి కిరణం ఒకటి పెట్టి, చెయ్యి అడ్డం రాగానే మోటారు ఆగి బ్రేకు పడే సర్క్యూట్ తయారుచెయ్యాలి.

సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో పరీక్షించడం అప్పుడే మొదలైంది. ఇప్పటిలా తెర మీద బొమ్మ గీసే వీలు లేదు. ఒక్కో భాగానికి ఒక్కో వరుస టైపు చెయ్యాలి. దాని పేరు, అది కలిసే బిందువుల అంకెలు, దాని విలువ. హైదరాబాదు హెడ్డాఫీసులో చెప్పులు విడిచి ఏసీ గదిలోకి వెళితే, ప్రోగ్రాం లెక్కగట్టి, అంచుల్లో చిల్లులున్న కాగితాలు బారల కొద్దీ వదిలేది. నా సర్క్యూట్ పాసయింది. ఆ గర్వంతో కాగితాల కట్టను బేతంచెర్ల దాకా మోసుకెళ్లాను.

పొద్దున ఎనిమిదింటికి బిగించాం. మిషన్ నడిపే మద్దిలేటి నవ్వాడు. "ఏం సార్, ఈ కాగితాలు మిషిన్ని నిలబెడతాయా?" అన్నాడు. పదిసార్లు కర్ర అడ్డం పెట్టాం. పదిసార్లూ ఆగింది. ఇక నీ చేతికి భయం లేదని నా నోటితో నేనే చెప్పాను.

మధ్యాహ్నం రెండింటికి అతను రాతిబురద తుడవడానికి, ఆగుతుందిలే అని చెయ్యి పెట్టాడు. చక్రం ఆగలేదు. చేతికి చుట్టుకున్న గుడ్డను లాగేసుకుని పీలికలు చేసింది. అతని వేళ్లు లెక్కపెట్టాను. ఐదు. నమ్మకం కలగక మళ్లీ లెక్కపెట్టాను.

"చెయ్యి ఉండాది సార్, గుడ్డే పోయింది" అన్నాడు. "ఆ డబ్బా తాకి సూడు. శానా కాలుతాండాది."

రేకుల షెడ్డు కింద సర్క్యూట్ ఉన్న ఇనపడబ్బా చెయ్యి పెట్టనివ్వలేదు. వేడికి లోపలి ట్రాన్సిస్టర్ల నుంచి కరెంటు కారుతోంది. చెయ్యి అడ్డమొచ్చి వెలుతురు అందకపోయినా, ఆ కొద్ది కరెంటే వెలుతురు అందుతున్నట్టు చూపి మోటారును ఆగనివ్వడం లేదు.

నాపరాళ్ల మీదే కూర్చుని కాగితాలు విప్పాను. లెక్క ఎక్కడా తప్పలేదు. కానీ ప్రతి పేజీ నెత్తినా ఒక వరుస ఉంది. ఉష్ణోగ్రత 27 డిగ్రీలు. మనం చెప్పకపోతే ప్రోగ్రాం తనంతట తాను తీసుకునే అంకె అది. ఇదే జిల్లా ఆలూరులో పుట్టి పెరిగినవాణ్ణి, ఇక్కడి ఎండ ఎట్లా ఉంటుందో నాకు ఒకరు చెప్పాలా! కాగితాలు మడిచి హైదరాబాదు బస్సెక్కాను.

డబ్బా లోపలి వేడి డెబ్బై డిగ్రీలని ఒక్క వరుస చేర్చి మళ్లీ నడిపితే, మోటారు ఆగదని ప్రోగ్రామే చెప్పింది.

మార్చిన సర్క్యూట్‌తో నేను మళ్లీ వెళితే మద్దిలేటి పొద్దున బిగించగానే పరీక్ష చెయ్యనివ్వలేదు. "మద్యాన్నం రెండు కానీ సార్, డబ్బా కాలనీ. ఈసారి ముందు నీ చెయ్యి పెట్టు" అన్నాడు.

పెట్టాను. చక్రం ఆగింది.

ప్రోగ్రాం మనం ఇచ్చిన అంకెలతో పాటు మనం ఇవ్వనివి కూడా కలిపి లెక్క చేస్తుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను టైపు చెయ్యని అంకెలనే ముందు చదివాను. నా డిజైన్ ఏదైనా, అక్కడి పనివాడి కంటే ముందు నా చెయ్యే పెట్టాను.