రెండు గంటలు నడిచిన రొట్టె

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో, పాత పరిశోధన పత్రాలు చదువుకోవడానికి పనికివస్తుందని, మా విశ్వవిద్యాలయంలోనే సాయంకాలం జరిగే ఫ్రెంచి డిప్లొమా తరగతిలో చేరాను. ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్ భాషలు మూడూ లాటిన్‌కు పుట్టిన అక్కచెల్లెళ్ళని మా అధ్యాపకురాలు మొదటి వారంలోనే చెప్పారు. నేను నమ్మలేదు. గ్రంథాలయంలో మూడు నిఘంటువులు ముందు పెట్టుకొని, ఉప్పు, రొట్టె, చెయ్యి, నీళ్ళు, ఇలా వంద మాటల్ని వరుసగా రాసి చూశాను. పోలిక కొట్టొచ్చినట్టు కనిపించింది. అయితే ఆ వంద మాటల్నీ ఎంచుకున్నది నేనే కనుక, ఎంపికలోనే పక్షపాతం ఉండవచ్చు. ఇంకో వంద మాటల్ని కళ్ళు మూసుకొని పేజీలు తిప్పి, వేలు పడ్డచోట తీసుకున్నాను. ఈసారి పోలిక తగ్గింది, కాని పోలేదు.

అంత తగ్గిన తరువాత కూడా ఎందుకు పోలేదన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఏడాది తిరిగేసరికి ఆ భాషల సాహిత్యంలో ఎం.ఏ.కు దరఖాస్తు నింపుతున్నాను. అప్పటికే ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో ఉద్యోగం ఖాయమై, వచ్చే నెల మొదటి సోమవారంలోగా చేరతానో చేరనో చెప్పమని ఉత్తరం వచ్చి ఉంది. ఎం.ఏ. సీటు వస్తేనే ఆ ఉద్యోగం వదులుకోగలను.

దరఖాస్తుతోపాటు ఒక వ్యాఖ్యానం రాసి ఇవ్వాలి. అందరికీ ఒకటే కథ, రచయిత పేరు తీసేసి, నాలుగు పేజీలు జిరాక్సు చేసి ఇచ్చారు. కొండమీద ఇంట్లో ఒక ముసలామె, ఆమె కోడలు. కొడుకు చనిపోయాడు. కోడలు కింది ఊరికి దిగి రొట్టె కొని, మంచులో రెండు గంటలు నడిచి తిరిగివస్తుంది. "ఇంకా వేడిగానే ఉంది, తినండి" అన్న మాట చివరి పేజీలో ఉంది.

అక్కడే నా పెన్సిలు ఆగింది. రెండు గంటల తరువాత వేడిగా ఉంటుందా?

తొలకరి పడి చల్లబడిన ఒక ఉదయం, మా విభాగం ప్రయోగశాలలో అడిగి తెచ్చుకున్న థర్మామీటరుతో తార్నాకలోని బేకరీకి వెళ్ళాను. పొయ్యిలోంచి అప్పుడే తీసిన డబల్‌రొట్టె ఒకటి కొని, అక్కడే దానికి థర్మామీటరు గుచ్చాను. బేకరీ ఆయన గల్లా వదిలి వచ్చాడు.

"ఏంది మేడం, రొట్టెకు జరమొచ్చిందా?"

"ఎంతుందో చూస్తున్నానన్నా."

"చూడున్రి, చూడున్రి. ఎక్కువుంటె చెప్పున్రి, గోలీ తెప్పిస్త."

రొట్టెను కథలో ఉన్నట్టే గుడ్డలో చుట్టుకొని మౌలాలి గుట్ట దాకా నడిచి, అక్కడినుంచి మెట్టుగూడలో మేముండే రైల్వే క్వార్టర్సుకు వచ్చాను. సరిగ్గా రెండు గంటలు పట్టింది. అరగంటకొకసారి ఆగి అంకె రాసుకున్నాను. ఇంటికి చేరేసరికి రొట్టెకూ గాలికీ తేడా రెండు డిగ్రీలే మిగిలింది. ఇక మంచులో సంగతి చెప్పనవసరం లేదు.

అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. "తినేటందుకు తెచ్చినవా, పరీక్షకు తెచ్చినవా? బావకు డ్యూటీకి టైమైతున్నది, చాయ్‌ల ముంచుకుంటడు, ఇటియ్యి."

రొట్టె అలా ఖర్చయిపోయింది. రచయిత ఉష్ణోగ్రత విషయంలో పొరపడ్డాడని, పట్టికతో సహా మూడు పేజీల వ్యాఖ్యానం రాసి ఇచ్చాను. అంత గట్టి ఆధారంతో ఇంకెవరూ రాసి ఉండరని నా ధీమా.

ఇంటర్వ్యూలో మా అధ్యాపకురాలే ఉన్నారు. నా కాగితాలు ముందు పెట్టుకొని నవ్వారు.

"ప్రయోగం బాగున్నదమ్మా. తప్పెవరిదంటవు?"

"రచయితదే మేడం."

"రొట్టె వేడిగున్నదని రచయిత ఎక్కడన్నడు? చూపించు."

చివరి పేజీ తీశాను. "ఇంకా వేడిగానే ఉంది" అన్నది కోడలు. "అవును, వేడిగానే ఉంది" అన్నది ముసలామె. రచయిత తన మాటగా రాసింది ఒక్కటే: ముసలామె ముక్క తుంచుకొని చాలాసేపు నమిలింది. నేను మళ్ళీ చదివాను. ప్రయోగశాల పుస్తకంలో చూసేవాడూ రాసేవాడూ ఒక్కడే. ఈ మాట ఎవరిదని అడగవలసిన అవసరం నాకెన్నడూ రాలేదు.

"నాకు తెలియదు మేడం. మళ్ళీ చదవాలి" అన్నాను.

"పక్క గది ఖాళీగున్నది. గంటసేపు కూర్చో. రాసియ్యి."

మొదటి పేజీలోనే ఉంది: కొడుకును పూడ్చిపెట్టిన నాటినుంచి ఆ చలికాలమంతా అత్తాకోడళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. నా ప్రతిలో ఆ వాక్యం కింద గీత లేదు. అందులో కొలవదగింది ఏమీ లేదు కనుక దాటిపోయాను. అంటే వాళ్ళు మళ్ళీ మాట్లాడుకున్న మొదటి మాట రొట్టె వేడి గురించి, అది నిజం కాదు. ముసలామె దాన్ని నములుతోంది కనుక ఆమెకు తెలియకుండా ఉండదు. కోడలి విషయం చెప్పలేను. చలికి మొద్దుబారిన చేతులకు ఏ రొట్టె అయినా వేడిగా తోచవచ్చు. ఒకరు పొరబడి ఉండవచ్చునని, రెండోవారు మాత్రం తెలిసే ఒప్పుకున్నారని రాశాను. ఎందుకు ఒప్పుకున్నదో ఊహించగలనే కాని రుజువు చెయ్యలేనని కూడా రాశాను.

అధ్యాపకురాలు చదివి, నా వైపు చూడకుండానే పక్కన పెట్టారు.

"పట్టిక తీసెయ్యమంటారా?" అని అడిగాను.

"ఎందుకు తీస్తవు? అది లేకుంటె ముసలామె నిజమే చెప్పిందనుకుందుము."

అది మెచ్చుకోలో కాదో నాకు తేలలేదు. కంపెనీ గడువు సోమవారమనగా, శనివారం మధ్యాహ్నం సీట్లు వచ్చినవాళ్ళ జాబితా అతికించారు. చివరి పేరు నాది. దరఖాస్తు నంబరు సరిచూసుకున్నాను. తండ్రి పేరు సరిచూసుకున్నాను. కింద సంతకం లేదు. లోపలికి వెళ్ళి గుమాస్తాను అడిగాను.

"మీ పేరే గద మేడం, ఇంకేం గావాలె?"

"సంతకం లేదండి."

"సారు భోజనానికి పోయిండు. వచ్చినంక పెడతడు. గప్పటిదాంక నమ్మరా?"

నమ్మనన్నాను. ఆయన తల కొట్టుకొని లోపలికి పోయాడు. నేను వరండాలో బల్ల మీద కూర్చొని, చేరడం లేదని మందుల కంపెనీకి ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. తేదీ మాత్రం వెయ్యలేదు.