మల్లయ్య కాకకు నేను చెప్పిన రైఫిల్ పాఠం

ఒక్క ఇంగ్లిషు మాట వల్ల, చేరిన తొమ్మిదో రోజే ఉద్యోగం ఊడగొట్టుకోబోయిన మనిషిని మీరు చూసి ఉండరు. చూడాలనుంటే గోదావరిఖనికి రండి, ఛాయ్ నేనే పోయిస్తాను. ఆ మాట రైఫిల్. నేను తుపాకీ ఎన్నడూ ముట్టలేదు. ముట్టి ఉంటే నష్టం కాస్త తక్కువగా ఉండేదేమో.

నేను ఇంగ్లిషులో ఎమ్మే చదివాను. బొగ్గుబాయిలో మా నాన్న మోకాళ్లు అరిగిపోయి, ఇక డ్యూటీకి పనికిరాడని డాక్టర్లు రాసిస్తే, ఆ ఉద్యోగం నాకొచ్చింది. ఇంటికి ఆధారం అదొక్కటే. "బాయిల నోరు తక్కువ పెట్టు, చెవులు ఎక్కువ పెట్టు బిడ్డా," అని నాన్న చెప్పి పంపాడు. నేను చెవులు ఇంట్లో వదిలేసి నోరు పట్టుకెళ్లాను.

ఎనిమిదో రోజు సాయంత్రం డ్యూటీ బట్టలతోనే రఫీక్ అన్న మెకానిక్ షెడ్డు ముందు కూర్చున్నాను. రోడ్డు మీద బ్యాంకు గార్డు తుపాకీ భుజానేసుకుని పోతున్నాడు.

"అరే తమ్మీ, దాన్ని రైఫిల్ అని ఎందుకంటరు?" అన్నాడు రఫీక్ అన్న.

నన్ను ఇలాంటిది అడగడమంటే ఆకలి మీదున్న ఏనుగుకు చెరుకుతోట గేటు తీయడమే. బల్ల మీది అగ్గిపెట్టె అందుకుని పుల్ల చర్రున గీశాను.

"గీకుడు, అన్నా! పాత ఫ్రెంచి మాటకు అర్థం గదే. గుండు గిర్రున తిరుగుతూ సూటిగ పోవాలని గొట్టం లోపట మెలికల గీతలు గీస్తరు. ఆ గీతలతోనే ఆ పేరు."

"గీతలకు ఇంత కథనా! నా నట్లు ఇప్పే పానాకు గూడ ఉన్నయి గీతలు."

పాఠం అయ్యాక అగ్గిపెట్టె ఎటు పోయిందో నేను గమనించలేదు. గురువులు ఇలాంటి చిన్న విషయాలు పట్టించుకోరు.

మర్నాడు మొదటి షిఫ్టు. అవే డ్యూటీ బట్టలు. బాయిలోకి దిగే ముందు అందరి జేబులూ తడిమి చూస్తారు. లోపల గ్యాస్ ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ తనిఖీ చేసేది నాన్న పాత దోస్తు మల్లయ్య కాక. నా వంతు రాగానే ఆయన భుజం తట్టి వదిలేశాడు.

"రాజన్న కొడుకువు. బీడీ తాగవు, ఏం తాగవు. పో బిడ్డా, జల్ది."

బుద్ధున్నవాడు పోతాడు. నేను ఆగాను.

"కాకా, నువ్వు చేసే పనిని ఇంగ్లిషుల ఏమంటరో ఎర్కేనా? రైఫిల్!"

"గది తుపాకి గదరా?"

"తుపాకికి ఆ పేరు తర్వాత వచ్చింది. అంతకు ముందుగాల జేబులు గాలించుడు, దోచుకునుడు. అసలు మొదలైతే గీకుడు."

వెనక లైన్లోంచి ఎవరో అరిచారు. "ఓ ప్రొఫెసరూ! మేం రిటైరయ్యే లోపట దిగనిస్తవా?"

కాక మాత్రం ఆసక్తిగా అడిగాడు. "గాలించుడంటే గిట్ల పైపైననేనా?"

"కాదు కాకా! ఒక్క జేబు విడువకుండ, అడుగు దాక చెయ్యి పెట్టాలె."

"గట్లనా? అయితే ఎనుకకు రా. చదువుకున్నోని మాట ఎందుకు కాదనాలె?"

మొదటి జేబులో రుమాలు. రెండో జేబులో నలిగిన బస్సు టికెట్. మూడో జేబులోంచి కాక చెయ్యి నెమ్మదిగా బయటికొచ్చింది. వేళ్ల మధ్య అగ్గిపెట్టె. గలగలమంది కూడా.

లైన్లో నలభై మంది ఒక్కసారిగా ఒకడుగు వెనక్కి వేశారు. నేనూ వేశాను, అది నా జేబులోదే అయినా.

"కాకా, నేను బీడీ తాగను," అన్నాను, ఎటూ తోచక.

"తాగినా బాగుండు. ఓ కారణమన్న ఉంటుండె." కాక గొంతు తగ్గించాడు. "నువ్వు నోరు మూసుకొని పోతే, నిన్ను గట్లనే ఇడిచిపెడుతుంటి బిడ్డా. గిది లోపటికి పోతుండె."

కాక అగ్గిపెట్టెనూ నన్నూ పట్టుకుని మేనేజర్ దగ్గరికి నడిచాడు.

మేనేజర్ గదిలో విచారణ చాలా క్లుప్తంగా జరిగింది.

"అగ్గిపెట్టె ఎందుకు?"

"రైఫిల్ అంటే ఏందో చెప్పనీకి, సార్."

ఆయన నా ఫైలు తెరిచాడు. "నీకు ఈ ఉద్యోగం ఎవరిచ్చిండ్రు?"

"మా నాన్న మోకాళ్లు, సార్."

ఆ జవాబే నన్ను కాపాడిందనుకుంటాను. ఉద్యోగం ఉంది. పది రోజులు సస్పెన్షన్. ఆ తర్వాత నెల రోజులు కాక పక్కన నిలబడి జేబులు వెతకాలి. తన పొరపాటు తానే ఒప్పుకున్న కాకకు మెమో వచ్చింది. అప్పటినుంచి ఆయన ఎవరినీ వదలడు. మేనేజరొచ్చినా "సారూ, రైఫిల్!" అంటాడు. ఆయన బుద్ధిగా చేతులెత్తుతాడు.

నాన్న కథంతా విని చాలాసేపు మోకాళ్లు రుద్దుకున్నాడు. "నోరు తక్కువ పెట్టుమంటి. నువ్వు నా మాట ఇనకపోవుడే మంచిదైంది," అన్నాడు.

కాబట్టి నా నెత్తి మీది క్యాప్ ల్యాంపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇంకొకరి చెయ్యి నా జేబులో ఉన్నంతసేపు ఏ మాట పుట్టుపూర్వోత్తరాలూ విప్పను. చెయ్యి బయటికొచ్చాక నన్నెవరూ ఆపలేరు.