ఇంటికొక్క నంబరు

మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఇంటికొక్క నంబరే ఉంటుంది. అది ఆ ఇంటి మగవాళ్లదే. కరెంటు పోయినా, ఎవరైనా పోయినా ముందు అందులో తెలుస్తుంది, తర్వాత వంటింట్లోకి వస్తుంది. నా ఫొటో సంగతి మాత్రం వంటింటిదాకా రాలేదు. ఊరి మగవాళ్లంతా చూశాక, చేవెళ్ల మార్కెట్లో పక్కూరి ఆవిడ నా చెవిలో వేసింది. ఇంటికొచ్చి అడిగితే బాపు తల దించుకున్నాడు. ఆయన ఫోన్లోనే ఉంది.

మొయినాబాద్ దారిలో మాకు పూలతోట ఉంది. అక్కడ నేను వీడియోలు తీసి పెడతాను. అవి చూసి గండిపేట అపార్టుమెంట్ల వాళ్లు నేరుగా మాకే ఫోన్ చేసి పూలు తెప్పించుకుంటారు. అలాంటి ఒక వీడియోలోంచి నా ముఖం తీసి, బట్టల్లేని ఎవరి ఒంటికో అతికించారు. గ్రూపులో పెట్టింది మా వెనక వీధి అతను. బుద్ధి తెలిసినప్పటి నుంచి అన్నా అని పిలిచాను. ఆ పిలుపు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈ సంగతి తేల్చడానికి పెద్దమనుషులు మా వాకిట్లో కూర్చున్నారు. నన్ను లోపలే ఉండమన్నారు. అతను వచ్చి బాపు చేతులు పట్టుకున్నాడు. "తప్పైంది కాకా, జోకుకు పెట్టిన."

బాపు సరే అన్నట్టు తలూపాడు. అందరూ చాయ్ తాగుతున్నారు. ఆ చాయ్ పెట్టింది నేనే! ముఖం నాది, క్షమాపణ బాపుకు. ఇక ఆగలేక బయటికి వచ్చాను.

"ఫొటో యాడ పెట్టిండో ఆడనే చెప్పాలె. గ్రూపుల చెప్పమను."

గ్రూపు అడ్మిన్ మా పాత వార్డు మెంబరు. "మల్ల లొల్లి ఎందుకు బిడ్డా? నువ్వు గా వీడియోలు బంద్ చెయ్యి, అంత సర్దుకుంటది."

"నేనేం తప్పు చేసిన్నని బంద్ చెయ్యాలె?"

బాపు పక్కనున్న ఫోన్ తీసుకుని, గ్రూపు తెరిచి, మైకు నొక్కాను.

"నంబరు మా బాపుది, గొంతు నాది. మీరు చూసిన మొఖం నాది, గా ఒళ్లు నాది కాదు. పెట్టినోడు నేను అన్నా అని పిలిచినోడు. చూసి నవ్వినోళ్లంత గీ మాట మీ ఇంట్ల ఆడోళ్లకు ఇనిపియ్యుండ్రి."

వాకిట్లో అందరి జేబుల్లో ఫోన్లు మోగాయి. అడ్మిన్ తన ఫోన్ తీసి ఏదో నొక్కాడు. బాపు నంబరును గ్రూపులోంచి తీసేసినట్టు నా చేతిలోని తెర మీద కనిపించింది. ఫొటో పెట్టినవాడు మాత్రం అందులోనే ఉన్నాడు.

బాపు ఆ తెరవైపే చూస్తూ ఉండిపోయాడు. ప్రతి ఎన్నికకూ వీళ్ల వెంట ఇల్లిల్లూ తిరిగిన మనిషి. చాయ్ గ్లాసు కింద పెట్టి నావైపు తిరిగాడు.

"గ్రూపులకెల్లి నన్ను తీసినా గా ఫొటో నా ఫోన్ల ఉన్నది గద బిడ్డా?"

"ఉన్నది బాపు."

"ఠాణకు పోదాం పా. నువ్వే చెప్పు. నేను బయట కూసుంట."